ఎండలు ముదరకముందే గండుపిల్లి దారులు మూసేయండి

మా వీధి గండుపిల్లి పేరు మేస్త్రీ. పేరు నేనే పెట్టాను. పొద్దున్న అయిదున్నరకల్లా పిట్టగోడ ఎక్కుతాడు. ఒక్కో ఇంటి దగ్గరా ఆగి, గోడ సరిగ్గా కట్టారా లేదా అన్నట్టు ఎగాదిగా చూసి, తోక ఎత్తి మూత్రం ఒక చిమ్ము చిమ్మి ముందుకు సాగుతాడు. ఉబ్బిన బుగ్గలు, లావు మెడ, చీలిన కుడి చెవి. గోడ మీద ఉన్నన్నాళ్లూ నాకూ ముచ్చటగానే ఉండేది. నిరుడు మార్చిలో ఒక రాత్రి ఉక్కగా ఉందని వంటింటి కిటికీ తెరిచి పడుకున్నాను. రెండింటికి ఏదో చప్పుడైతే లేచి చూద్దును కదా, మా పెంపుడు పిల్లులు మిరియం ఫ్రిజ్ వెనక, బుల్లోడు అటక మీద. మేస్త్రీ మాత్రం నడి వంటింట్లో కూర్చుని వాళ్ల గిన్నె నాకుతున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఇల్లంతా టెన్షన్. అందుకే చెబుతున్నాను, ఈ పనులు సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టండి. ఏప్రిల్ దాకా ఆగకండి.

పగటి పొద్దు పెరిగేకొద్దీ ఆడపిల్లులు ఎదకొస్తాయి. మన వైపు చలికాలానికీ ఎండాకాలానికీ పగటిలో తేడా తక్కువ కాబట్టి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. మా వీధిలో మాత్రం శివరాత్రి దగ్గరపడ్డప్పటి నుంచీ జోరు వినిపిస్తుంది, రాత్రిళ్లు పసిపిల్లలు గుక్కపెట్టినట్టు. గండుపిల్లులు హద్దుల కోసం కొట్లాడుకునేది అప్పుడే. మనం కిటికీలు బార్లా తెరిచేదీ, డాబా మెట్ల తలుపు తీసి పెట్టేదీ అప్పుడే. ఇంకో సంగతి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా గండుపిల్లి ఒంట్లో మదం దిగడానికి వారాలు పడుతుంది. టీకాలు పనిచేయడానికీ కొంత గడువు కావాలి. ఇక మెష్ కొట్టేవాళ్లు మార్చి వచ్చిందంటే ఫోనే ఎత్తరు.

ఇంటి చుట్టూ ఒక రాత్రి

కన్నాలు పగలు వెతికితే దొరకవు. రాత్రి ఇంట్లో లైట్లన్నీ వేసి, కిటికీ తలుపులు మామూలుగా మీరు పడుకునేటప్పుడు ఉంచినట్టే ఉంచి, బయటికి వెళ్లి ఇల్లు చుట్టిరండి. వెలుతురు బయటికి వస్తున్న ప్రతి చోటా ఆగి కొలవండి. పిల్లి తల పట్టిన సందులో ఒళ్లూ పడుతుంది. మూడంగుళాల సందు చాలు. మా ఇంట్లో అలా నాలుగు దొరికాయి: వంటింటి గ్రిల్, బాత్రూమ్ వెంటిలేటర్‌లో ఊడిపోయిన అద్దం పలక, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేశాక మిగిలిన గుండ్రటి కన్నం, డాబా తలుపు కింద అరిగిన చెక్క. నాలుగోది నేను పదేళ్లుగా రోజూ చూస్తున్నదే.

కిటికీకి అంటించే నైలాన్ దోమల మెష్‌ని నమ్ముకోకండి. అది దోమ కోసం. గండుపిల్లి రెండు గోళ్లు దించి లాగితే పేపర్‌లా చిరుగుతుంది. అరంగుళం గళ్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) వెల్డ్ మెష్ తెచ్చి, గ్రిల్‌కి బయటి వైపు నుంచి వాషర్లు పెట్టి స్క్రూలతో బిగించండి. లోపలి వైపు బిగిస్తే పిల్లికి గ్రిల్ మీద నిలబడి తోసే వీలు దొరుకుతుంది. దోమలు కూడా రాకూడదంటే స్టీల్ మెష్ దొరుకుతుంది, ఖరీదెక్కువ. అపార్ట్‌మెంట్ బాల్కనీకి పావురాల వల ఉంటే దాని కింది అంచు పట్టుకుని గట్టిగా లాగి చూడండి. వల చిరిగేది తక్కువ, అడుగున కట్టు ఊడేదే ఎక్కువ.

సజ్జ మీదికి మెట్లు కట్టిపెట్టేది మనమే. కూలర్ స్టాండు, పాత వాషింగ్ మెషీన్, పూలకుండీల వరస, గోడకి ఆనించిన నిచ్చెన. వాటిని జరపడానికి రూపాయి ఖర్చు లేదు.

మీ పిల్లులు బయట తిరిగివచ్చేవైతే సాయంత్రం తిండి ఇంట్లోనే, దీపాలు పెట్టే వేళకి పెట్టడం అలవాటు చేయండి. ఆకలితో లోపలికొస్తాయి, తలుపేసేయొచ్చు. కొట్లాటలు ఎక్కువగా జరిగేది చీకటి పడ్డాక, తెల్లవారుజామున. మెడలోని మైక్రోచిప్ చదివి మన పిల్లికే తెరుచుకునే చిన్న తలుపులు కూడా ఉన్నాయి గానీ, వాటి ధర విని నేను ఊరుకున్నాను.

దారులు మూశాక కూడా కిటికీ బయట కూర్చుని కళ్లార్పకుండా చూడటం అనే పని ఒకటి ఉంటుంది వాడికి. మనకది ఉత్త కూర్చోవడం. లోపలి పిల్లికి అది గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డట్టు. గాజు కిటికీ అయితే కింది సగానికి మసక షీట్ అంటించండి, లేకపోతే పాత పేపరైనా సరే. ఒకరి కంట ఒకరు పడకపోవడంతోనే మా ఇంట్లో సగం గొడవ తగ్గింది.

పక్కింటి పిన్నిగారు

మేస్త్రీకి పెరుగన్నం పెట్టేది పక్కింటి పిన్నిగారని నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లి, "పిన్నిగారూ, వాడికి పెట్టకండీ, మా పిల్లుల్ని చంపుతున్నాడు" అన్నాను. "నోరులేని జీవం అమ్మా, అడుక్కుంటుంటే ఎలా చూస్తూ ఊరుకోను?" అన్నారావిడ. వారం రోజులు మాటల్లేవు. తప్పు నాదే. తిండి మానిపిస్తే పిల్లి ఊరొదిలి పోదు, ఆకలితో ఇంకా తెగించి ఇళ్లలో పడుతుంది.

రెండోసారి ఇంకోలా అడిగాను. "పెట్టండి, కానీ మా గోడ వైపు కాకుండా మీ పెరటి కొళాయి దగ్గర పెట్టండి. రోజూ ఒకే వేళకి పెట్టండి. పావుగంటలో గిన్నె తీసేయండి." దీనికి ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. వేళ కుదరడం వల్ల లాభం ఏమిటంటే, ఎప్పుడు ఎక్కడ ఉంటాడో తెలిసిన పిల్లిని పట్టుకోవడం తేలిక. మన వైపు గుమ్మం బయట చేపల తలకాయలు, మీ పిల్లుల గిన్నెలు, మూతలేని చెత్తబుట్ట రాత్రిపూట ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

వచ్చే పిల్లికి యజమాని ఉన్నాడేమో కూడా కనుక్కోండి. మెడకి వదులుగా కాగితం పట్టీ చుట్టి, "ఈ పిల్లి మీదేనా?" అని ఫోన్ నంబర్ రాసి వదిలితే ఒక్కోసారి జవాబొస్తుంది. తేలిగ్గా చిరిగిపోయే కాగితమే వాడాలి, దారం వద్దు. ఎక్కడైనా తగులుకుంటే ఉరి పడుతుంది.

అసలు మందు ఆపరేషనే

మెష్, పేపరు, తిండి వేళలు ఇవన్నీ పైపై కట్లు. గండుపిల్లికి ఆపరేషన్ అయితే తిరగడం, కొట్లాడటం, చిమ్మడం ఎక్కువ పిల్లుల్లో బాగా తగ్గిపోతాయి. "గోనెసంచిలో వేసి ఏటిగట్టు దాటించి వదిలేస్తే పోలా?" అని మా వీధిలోనే ముగ్గురు సలహా ఇచ్చారు. అలా వదిలినవి కొన్ని వెనక్కొస్తాయి. రాకపోతే ఆ ఖాళీలోకి ఇంకో గండుపిల్లి వస్తుంది, దానితో మళ్లీ మొదటికే. పైగా తిండి దొరక్క మాడిపోయే చోట జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. విషం పెట్టడం లాంటి ఆలోచన ఎవరైనా నోటితో అన్నా సరే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ల దాకా జైలని చెప్పండి.

ముందు ఊళ్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో వీధి పిల్లులకి ఆపరేషన్ ఏ రోజు చేస్తారో అడగండి. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్, విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలున్నాయి. ఫోన్ చేస్తే కనీసం దారి చెబుతారు. పట్టడానికి బోను కావాలి. దుప్పటి వేసి చేతులతో పట్టుకుందామనుకుంటే ఆపరేషన్ మీకు జరుగుతుంది. బోను తలుపు తెరిచే ఉండేలా కట్టేసి, మూడు నాలుగు రోజులు అందులోనే తిండి పెట్టండి, అలవాటయ్యాక కట్టు విప్పండి. పిన్నిగారు వాడు ఎండుచేప వాసనకి ఎటైనా వస్తాడని కనిపెట్టి, అయిదో రోజు పట్టిచ్చారు. పడగానే బోను మీద మందపాటి గుడ్డ కప్పితే చీకటికి నెమ్మదిస్తుంది. ఆపరేషన్‌కి ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో డాక్టర్‌ని అడగండి. వదిలేముందు చెవి కొన కొంచెం కత్తిరించి గుర్తు పెట్టమనండి, వాడిని మళ్లీ ఎవరూ పట్టి కోయించకుండా.

మీ ఇంట్లోవాటికి అయిందా మరి? ఆపరేషన్ కాని ఆడపిల్లి ఇంట్లో ఉంటే ఎన్ని మెష్‌లు కొట్టినా వీధిలోని గండుపిల్లులన్నీ మీ గుమ్మంలోనే. నాలుగైదు నెలల వయసుకే చూలు నిలవగలదు, రెండు నెలలు దాటగానే కూనలు. "ఇంకా చిన్నదే కదా" అనుకుంటూ ఉండగానే జరిగిపోతుంది.

కాటు పడితే

మిరియం తోక మొదట్లో మంగళవారం ఒక ఎర్రటి చుక్క కనిపించింది. అగ్గిపుల్ల మొనంత. పసుపు రాసి ఊరుకున్నాను. శుక్రవారానికి అక్కడ నిమ్మకాయంత వాపు, చేత్తో తాకితే సెగ, తిండి ముట్టదు. డాక్టర్ కోస్తే అరకప్పు చీము. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైన తోలు ఒక్కరోజులో మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. పైన రాసిన పసుపు అక్కడికి చేరదు. పారిపోతుండగా కరిస్తే తోక మొదట్లో, ఎదురు నిలిస్తే ముఖం మీద, ముందు కాళ్ల మీద పడుతుంది కాటు. కొట్లాట అయిందని తెలిస్తే ఆ రోజే బొచ్చు పాయలు తీసి వేళ్లతో ఒళ్లంతా తడమండి, చిన్న చుక్క కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. జ్వరంగా ఉందని మనుషుల పారాసిటమాల్ వేయకండి. చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీస్తుంది.

కాటుతో ఎఫ్ఐవీ అనే, పిల్లి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ అంటుకుంటుంది. మనుషులకి రాదు, కానీ పిల్లికి వస్తే పోదు, మన దగ్గర దానికి టీకా లేదు. టీకా ఉన్నవాటికైనా వేయించండి: రేబిస్‌కి ఒకటి, ట్రైక్యాట్ అని అడిగితే ఇచ్చేది ఇంకొకటి. ఈ రెండోది విరేచనాల వైరస్ నుంచి కాపాడుతుంది. ఆ వైరస్ నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి బతికే ఉంటుంది, వచ్చిన పిల్లి కంటికి ఆరోగ్యంగా ఉందా లేదా అన్నదానితో పనిలేదు.

కొట్లాట మధ్యలో చేయి పెట్టొద్దు. పెద్ద పళ్లెం కానీ, అట్టముక్క కానీ అడ్డం దించండి. లేదా స్టీల్ గిన్నె నేలకేసి కొట్టండి. మీకు పన్నో గోరో దిగితే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. చర్మంలోకి ఇచ్చేదైతే మొదటి రోజుని సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. ఇంట్లో పిల్లే కదా అని వదిలేయకండి.

మనవాళ్లే మనవాళ్ల మీద పడితే

దీనికి నేను సిద్ధంగా లేను. కిటికీ బయట మేస్త్రీని చూసి బుల్లోడు బుసకొట్టి, వాడిని అందుకోలేక పక్కనే ఉన్న మిరియం మీద పడ్డాడు. ఆరేళ్లుగా ఒకే బుట్టలో పడుకున్నవాళ్లు. అలాంటప్పుడు తిట్టడం, ఎత్తుకుని ఓదార్చడం రెండూ తప్పే. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో పెట్టి చల్లబడనివ్వండి. మాకు నాలుగు రోజులు పట్టింది. ఒకరి పక్కగుడ్డ ఇంకొకరికి వేశాను, మూసిన తలుపుకి అటూ ఇటూ తిండి పెట్టాను, అయిదో రోజు తలుపు బెత్తెడు తీశాను. ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్లిని కూడా ఇలాగే కాసేపు విడిగా ఉంచండి. మందుల వాసనకి రెండోది గుర్తుపట్టదు. మలమూత్రాల ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ, వేర్వేరు మూలల్లో ఉంచాలి. ఒకటే ఉంటే దాని దారి కాసేవాడు ఒకడు తయారవుతాడు.

గుమ్మం మీద చిమ్మిన చోట ఫినాయిల్ పోయడం అందరం చేసేదే. మానేయండి. ఫినాయిల్, డెట్టాల్‌లో ఉండే రసాయనాల్ని పిల్లి కాలేయం అరిగించుకోలేదు. పాదాలకంటిన దాన్ని నాకి జబ్బు పడుతుంది. కలరా ఉండలు, కర్పూరం, నీలగిరి తైలం కూడా వద్దు. ఎంజైమ్ ఉన్న సబ్బుపొడి ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో ఒకసారి రుద్దండి. వాసన పూర్తిగా పోకపోతే మర్నాడు మళ్లీ అక్కడే చిమ్ముతాడు.

మేస్త్రీ ఇప్పుడు పిన్నిగారి కొళాయి దగ్గరే ఉంటున్నాడు, ఒళ్లు చేశాడు. పొద్దున్న తనిఖీకి వస్తాడు గానీ తోక ఎత్తడం మానేశాడు. మొన్న ఆదివారం గోడ మీద ఇంకొకడు కనిపించాడు, ఎర్రచారలవాడు, కుర్రవాడు, రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. బోను మా అటక మీదే ఉంది. పిన్నిగారు ఎండుచేపలు తెచ్చారు.