గీసే ఫంక్షన్‌లో షో పెట్టకండి

పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో రాసుకున్న ఫంక్షన్ ఒక్కోటీ సొంత విండో తెరుస్తుంటే, రెండు వక్రాలను ఒకే అక్షాల మీద పెట్టి పోల్చడం పెద్ద తలనొప్పి.

గీయడాన్నీ చూపించడాన్నీ విడదీయండి చాలు. ప్రతి ఫంక్షన్‌కీ ఏఎక్స్ అనే ఆర్గ్యుమెంట్ ఒకటి పెట్టి, డీఫాల్ట్‌గా నన్ ఇవ్వండి. లోపలికొచ్చాక అది నన్ అయితే పైప్లాట్ మాడ్యూల్‌లోని పీఎల్‌టీ.జీసీఏతో ప్రస్తుతం ఉన్న అక్షాలు తీసుకోండి. రంగు, మందం, లేబుల్ లాంటివన్నీ రెండు నక్షత్ర గుర్తుల (**) క్వార్గ్స్‌లోకి, అంటే పేరుతో ఇచ్చిన మిగతా ఆర్గ్యుమెంట్లు చేరే డిక్షనరీలోకి రానిచ్చి, అలాగే ఏఎక్స్.ప్లాట్‌కి పంపేయండి. గీసిన గీతను తప్పకుండా రిటర్న్ చేయండి. తర్వాత దాని రంగు మార్చాలన్నా, లెజెండ్‌లో చేర్చాలన్నా అది చేతిలో ఉండాలి. విండో చూపించే షో, బొమ్మను ఫైల్‌గా దాచే సేవ్‌ఫిగ్ రెండూ ఫంక్షన్ బయటే, అందులోనూ సేవ్‌ఫిగ్ ముందు. విండో మూసేశాక పీఎల్‌టీ.సేవ్‌ఫిగ్ పిలిస్తే ఖాళీ బొమ్మ సేవ్ అవుతుంది.

అన్ని ఫంక్షన్లలోనూ గీత మందం 2 ఉండాలనుకుంటే, ఏఎక్స్.ప్లాట్ పిలిచే చోట లైన్‌విడ్త్=2 అని నేరుగా రాయకండి. వాడేవారు కూడా లైన్‌విడ్త్ ఇచ్చారంటే ఒకే పేరు రెండుసార్లు వచ్చి టైప్‌ఎర్రర్ పడుతుంది. క్వార్గ్స్.సెట్‌డీఫాల్ట్ వాడండి; వాడేవారు ఇవ్వనప్పుడే అది మీ విలువ పెడుతుంది.

ఇది ఒక్కచోట దెబ్బతింటుంది. వాడేవారు లైన్‌విడ్త్‌కి బదులు పొట్టిగా ఎల్‌డబ్ల్యూ=1 అని ఇస్తే సెట్‌డీఫాల్ట్‌కి అది వేరే పేరులా కనిపిస్తుంది, రెండూ లోపలికెళ్లి మళ్లీ టైప్‌ఎర్రరే. అందుకే ముందు, పొట్టి పేర్లను పూర్తి పేర్లుగా మార్చే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఫంక్షన్ సీబుక్.నార్మలైజ్_క్వార్గ్స్‌కి మీ క్వార్గ్స్‌నూ గీతలకు వాడే లైన్2డీ క్లాస్‌నూ ఇచ్చి, తిరిగొచ్చిన డిక్షనరీ మీదే సెట్‌డీఫాల్ట్ నడపండి.