బడిలో సహాయకురాలిగా చేరారా, ముందు మీ కుర్చీ వెనక్కి జరపండి

మాది శ్రీకాకుళం జిల్లానే, బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సాయంగా ఉంటాను, కొత్తగా చేరినవాళ్లు "ఏటి చెయ్యాలి అప్పా" అని ఒకటే అడుగుతున్నారని రాస్తున్నా.

అందరూ చేసే తప్పు, నేనూ చేశాను, పిల్లడికి అతుక్కుపోయి కూర్చోవడం. టీచర్ అడిగినదానికి మనమే జవాబు అందించేస్తాం, బోర్డు మీదది మనమే రాసిచ్చేస్తాం, నోట్‌బుక్ నిండిపోతాది గానీ చేతిరాత మనది. పెద్దావిడ పక్కనుంటే తోటి పిల్లలూ వాడితో మాట్లాడరు. అందుకే కాస్త వెనక కూర్చోండి, ఏదైనా చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి, చాలాసార్లు ఏడు ఎనిమిది దగ్గరే వాడు కదులుతాడు.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఒలిచి ఇవ్వకండి. మా దగ్గర ఒక గుంటడికి వేళ్లలో పట్టు లేదు, బెంచీకి కొట్టి చిన్న పగులు పెట్టి చేతికిచ్చేదాన్ని, మొదటి వారం పెంకుతో పాటు సగం తెల్లసొన కింద పడేది, వంటమ్మ తిట్టింది కూడా, దీపావళి దాటేసరికి మొత్తం వాడే ఒలిచి పచ్చసొన నా పళ్లెంలో వేశాడు (వాడికి అది నచ్చదులెండి). ఆ పట్టే పెన్సిలుకి పనికొస్తాది. పెన్సిలు జారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి.

ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108.

మెళియాపుట్టి, మందస వైపు సవర గిరిజన పిల్లలు కొందరికి తెలుగు ఇంటి భాష కాదు, మాట్లాడట్లేదని మందబుద్ధి అనేయకండి. ఇలాంటి పిల్లడు మా బడిలో వద్దు అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకండి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చూపే సర్కారు కాగితం) సంగతి తల్లికి చెప్పండి.

ఇంకోటి, రోజూ రెండు లైన్లు రాసుకోండి, ఎప్పుడు ఏడ్చాడు, దానికి ముందు ఏటి జరిగింది అని. ఒకడు భోజనం బెల్లుకి కాస్త ముందే చెవులు మూసుకుని బెంచీ కిందకి దూరేవాడు, మొండి అనుకున్నాం, మూడు వారాల రాత చూస్తే అది వంటగదిలో స్టీలు పళ్లేలు దించే టైము. ఇప్పుడు ఆ టైముకి వాణ్ణి బోరింగు దగ్గరకి నీళ్ల బాటిల్ ఇచ్చి పంపుతున్నాం.