పాత పికప్‌కి ట్రైలర్ టైర్లు వేశారా? ఎండలు ముదరక ముందే మార్చుకోండి

మొన్న ఆదివారం ఒక తమ్ముడు తన చేతులతో కట్టుకున్న పికప్ వేసుకుని టెక్సస్‌లోని మా ఇంటికి వచ్చాడు. 1950ల నాటి క్యాబ్, వెనక ఇనుప తొట్టి తీసేసి బిగించిన చెక్క పలకలు, సన్నటి టైర్లు. బండి ముచ్చటగా ఉంది. వంగి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రాసింది చదివితే ఎస్‌టీ205/75డీ15 అని ఉంది. నా గుండె గుభేలుమంది. ఎస్‌టీ అంటే స్పెషల్ ట్రైలర్, డీ అంటే బయాస్ ప్లై, లోపలి దారాల పొరలు ఏటవాలుగా వేసిన పాత తరహా టైరు.

"రిమ్ముకి సరిగ్గా పట్టింది కదన్నా, బరువు కూడా మోస్తుంది" అన్నాడు.

మోస్తుంది. లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) సీ అయితే 50 పీఎస్ఐ ఒత్తిడి గాలితో ఒక్కో టైరు 1,820 పౌండ్లు మోస్తుంది. ఊళ్లో ట్రాక్టరు గుర్తు తెచ్చుకోండి. ముందు టైరుకి మలుపు తిరగడానికి గీతలు, వెనక టైరుకి మట్టిని పట్టి లాగడానికి గట్లు ఉంటాయి. ట్రాలీ టైరు బరువు మోస్తూ వెనకాల దొర్లుతుందంతే. ఎస్‌టీ టైరు కూడా అలాంటిదే. స్టీరింగు తిప్పడానికి, ఇంజను బలాన్ని రోడ్డు మీద దించడానికి దాన్ని చేయలేదు.

బండి తేలికైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. సైడ్‌వాల్ గట్టిది, లోపల గాలి నిండుగా ఉంది, పైన బరువు లేదు. అప్పుడు టైరు అణగదు, రోడ్డును తాకే మేర చిన్నదవుతుంది. వాన పడ్డాక గట్టిగా బ్రేక్ వేస్తే జారుతుంది. పోనీ గాలి బాగా తగ్గిద్దామంటే సైడ్‌వాల్ నలిగి వేడెక్కుతుంది. జులై ఎండలో ఆ వేడే టైరును చీలుస్తుంది.

స్పీడ్ గుర్తు లేని ఎస్‌టీ టైరుకి మామూలుగా గంటకు 65 మైళ్లే హద్దు. ఇక్కడి ఫ్రీవేల మీద 70, 75 బోర్డులు మామూలే. ఎం గుర్తు ఉంటే 81 దాకా తట్టుకోవచ్చు, కానీ పట్టు మాత్రం పెరగదు.

టైరు పక్కన డాట్ అని మొదలయ్యే నంబరులో, తయారైన వారం, ఏడాది చెప్పే చివరి నాలుగంకెలు తప్పకుండా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు ఏళ్ల తరబడి ఎండలో కదలకుండా ఉంటాయి కాబట్టి ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) కొత్తగా కనిపించినా పక్కన పగుళ్లుంటాయి.

కొత్తవి కొనేముందు ట్రక్ స్టాప్ కాటా మీద ముందు, వెనక యాక్సిళ్ల బరువు విడివిడిగా తూయించండి. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు నిశ్చింత. ప్యాసింజర్ టైర్లయితే వాటి మీద రాసిన లోడును 1.10తో భాగించి లెక్క చూసుకోండి. పాత రూపమే కావాలంటే టెనెసీలోని కోకర్ టైర్ లాంటి వాళ్లు రోడ్డు బండ్లకే ఆ తరహావి అమ్ముతారు. నాలుగూ ఒకేసారి మార్చండి. రేడియల్ (ఇప్పటి తరహా టైరు), బయాస్ కలిపి వేస్తే బండి ఎటు లాగుతుందో చెప్పలేం. డబ్బు సరిపోకపోతే రెండు నెలలు గ్యారేజీలోనే ఉంచండి, నా మాట వినండి.

తీసేసిన టైర్లు మరీ పాతవి కాకపోతే, పగుళ్లు లేకపోతే, షాపులో లోపలివైపు కూడా చూపించి యుటిలిటీ ట్రైలర్‌కి వేసుకోవచ్చు.