ఆండ్రాయిడ్ యాప్‌కు గూగుల్ క్యాలెండర్‌ను జోడించే విధానం

వినియోగదారుల క్యాలెండర్‌లో ఒక అపాయింట్‌మెంట్ చేర్చడం తప్ప మీ యాప్‌కు వేరే పని లేకపోతే, గూగుల్ క్యాలెండర్ ఏపీఐ (యాప్ నేరుగా గూగుల్ క్యాలెండర్ సేవతో మాట్లాడే మార్గం) అవసరం లేదు. శీర్షిక, సమయం జతచేసి యాక్షన్ ఇన్సర్ట్ ఇంటెంట్ (మరో యాప్‌ను ఒక పని చేయమని కోరే ఆండ్రాయిడ్ సందేశం) పంపితే ఫోన్‌లోని క్యాలెండర్ యాప్ ఆ వివరాలతో తెరుచుకుంటుంది, ఏ అనుమతీ అడగనక్కరలేదు. చేర్చినవాటిని తరువాత చదవాలన్నా, మార్చాలన్నా అప్పుడు ఏపీఐ ఉపయోగపడుతుంది.

అందుకు గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ప్రాజెక్టు తెరిచి, క్యాలెండర్ ఏపీఐని ఎనేబుల్ చేసి, యాప్ ప్యాకేజీ పేరు, సైనింగ్ కీ (యాప్ మీదేనని నిరూపించే డిజిటల్ సంతకపు తాళం) ఎస్‌హెచ్‌ఏ-1 ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తించే కోడ్) ఇచ్చి, గూగుల్ మీ యాప్‌ను గుర్తించే క్లయింట్ ఐడీ తీసుకోవాలి. ప్లే స్టోర్‌లో యాప్ వేరే కీతో సైన్ అవుతుంది కాబట్టి, ప్లే కన్సోల్‌లో కనిపించే ఫింగర్‌ప్రింట్‌కూ మరొక క్లయింట్ ఐడీ తీసుకోకపోతే, మీ ఫోన్‌లో పనిచేసిన లాగిన్ స్టోర్ నుంచి దించుకున్నవారికి పనిచేయదు. చదవడమే పని అయితే రీడ్‌ఓన్లీ స్కోప్ (చదవడానికి మాత్రమే ఇచ్చే అనుమతి పరిధి) మాత్రమే అడగండి. ఇతరుల దినచర్య మొత్తం చూసే హక్కును అవసరానికి మించి కోరడం తగదు.

అన్నిటికంటే జాగ్రత్త వహించవలసినది సమయం విషయంలో. హైదరాబాద్‌లోని సంగీత గురువు డాలస్‌లోని శిష్యులకు ప్రతి శనివారం ఉదయం 7:30కి పాఠం చెబుతారనుకుందాం. డాలస్‌లో అది వేసవిలో శుక్రవారం రాత్రి 9 గంటలు, శీతకాలంలో 8 గంటలు అవుతుంది, ఎందుకంటే అమెరికాలో గడియారాలు మార్చి, నవంబరు నెలల్లో మారతాయి, మన దేశంలో మారవు. కాబట్టి పునరావృతమయ్యే కార్యక్రమానికి టైమ్‌జోన్ తప్పక ఇవ్వాలి. గురువుగారి సమయం స్థిరంగా ఉండాలంటే ఏషియా/కోల్‌కతా, శిష్యుల సమయం స్థిరంగా ఉండాలంటే అమెరికా/షికాగో అని ఇవ్వాలి. ఈ నిర్ణయాన్ని ఫోన్ సెట్టింగ్‌కు వదిలేయకుండా, కార్యక్రమం సృష్టించేవారినే అడగడం ఉత్తమం. రోజంతా ఉండే కార్యక్రమానికి ముగింపు తేదీ లెక్కలోకి రాదు. జనవరి 26 సెలవు నమోదు చేయాలంటే ముగింపుగా 27 ఇవ్వాలి.

మార్పులను తెచ్చుకోవడానికి ప్రతిసారీ జాబితా అంతా అడగవద్దు. మొదటిసారి చివరి పేజీలో వచ్చే సింక్ టోకెన్‌ను (అప్పటివరకు తెచ్చుకున్నదానికి గుర్తుగా ఉండే కోడ్‌ను) దాచుకుని, తరువాత దానితో అడిగితే మారినవి మాత్రమే వస్తాయి. తొలగించినవి రద్దయినట్లు గుర్తుతో వస్తాయి. 410 దోషం వస్తే టోకెన్ చెల్లలేదని అర్థం, దాచుకున్న సమాచారం తీసేసి మళ్లీ మొత్తం తెచ్చుకోవాలి. నెట్‌వర్క్ తెగి అభ్యర్థనను మళ్లీ పంపినప్పుడు ఒకే కార్యక్రమం రెండుసార్లు పడకుండా ఉండాలంటే, ఈవెంట్ ఐడీని యాప్‌లోనే సృష్టించి పంపండి. మొదటిది అప్పటికే చేరి ఉంటే సాధారణంగా 409 జవాబు వస్తుంది, దాన్ని వైఫల్యంగా చూపకుండా కార్యక్రమం నమోదైనట్లే పరిగణించవచ్చు.