గ్రేట్ డేన్‌ను పెంచదలచినవారు తెలుసుకోవలసినవి

గ్రేట్ డేన్ పెంపకంలో యజమాని ఎన్నటికీ ఏమరకూడని విషయాలు రెండు ఉన్నాయి: మొదటి ఏడాదిన్నరలో దాని ఎముకలు, ఆ తరువాత జీవితాంతం దాని జీర్ణకోశం. జర్మనీలో అడవిపందుల వేటకు వాడిన భారీ కుక్కల నుంచి రూపుదిద్దుకున్న ఈ జాతిలో మగకుక్క భుజం దగ్గర కనీసం 80 సెంటీమీటర్లు, ఆడకుక్క 72 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలన్నది ప్రమాణం. అంత పెద్ద శరీరం ఉన్నా దీని స్వభావం మాత్రం చాలా మెత్తనిది. మనుషుల మధ్య, వీలైతే వారికి ఆనుకుని ఉండాలని కోరుకునే ఈ కుక్కను కాపలా కోసమని పెరట్లో గొలుసుతో కట్టివేయడం దానికి నిజంగా అన్యాయం చేయడమే.

పుట్టినప్పుడు కిలో బరువైనా ఉండని పిల్ల ఏడాది తిరిగేసరికి 45 కిలోలు దాటడం మామూలే కాబట్టి, పిల్లకు బాగా బలం పట్టాలని మన ఇళ్లలో కాల్షియం టానిక్కులు, గుడ్లు, మాంసం అదనంగా పెడుతూ ఉంటారు. ఈ జాతికి అదే ప్రమాదం. అవసరానికి మించిన కాల్షియాన్ని పిల్లల శరీరం సరిగా అదుపు చేసుకోలేదు. దానివల్ల ఎముకలు వంకర పోవచ్చు, కీళ్లు దెబ్బతినవచ్చు. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం తయారైన ఆహారంలో కావలసిన కాల్షియం ముందే ఉంటుంది గనుక, పశువైద్యుడు చెబితే తప్ప పైన ఏమీ కలపకూడదు. చేతితో తడిమితే పక్కటెముకలు తెలిసేంత సన్నగా పెరగడమే మంచిది. ఏడాదిన్నర నిండేవరకు మేడమెట్లు పదేపదే ఎక్కించడం, ఎత్తు నుంచి దూకించడం, సైకిల్ వెంట పరుగెత్తించడం మానుకోవాలి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా అది తిరిగేచోట రబ్బరు పట్టాలు పరచాలి.

ఇక జీర్ణకోశం సంగతి. ఛాతీ లోతుగా ఉండే ఈ జాతిలో జీర్ణకోశం గాలితో ఉబ్బి, ఉన్నచోటే మెలితిరిగే ప్రమాదం మిగతా జాతులకన్నా ఎక్కువ. కుక్క వాంతి చేసుకోవడానికి పదేపదే ప్రయత్నించినా ఏమీ బయటకు రాకపోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, చొంగ కారడం, ఒకచోట నిలవలేక అటూఇటూ తిరగడం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. రాత్రివేళ శస్త్రచికిత్స చేయగల పశువైద్యశాల దగ్గరలో ఎక్కడుందో పిల్లను తెచ్చుకోకముందే విచారించి పెట్టుకోవాలి.

నివారణకు రోజు తిండిని రెండు మూడు పూటలుగా పెట్టాలి, ఆబగా తినే కుక్కకు గబగబా మింగనివ్వని గిన్నె వాడాలి, తిన్న తరువాత గంటసేపు పరుగులు పెట్టనివ్వకూడదు. గిన్నెను ఎత్తైన పీట మీద పెడితే మేలని చాలామంది నమ్ముతారు. అయితే అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తులో పెట్టిన గిన్నెలకు ఈ జబ్బు ముప్పు పెరగడంతో సంబంధం కనిపించింది. కాబట్టి పీట వద్దనే నా సలహా. జీర్ణకోశాన్ని లోపలి నుంచి పొట్టగోడకు కుట్టి నిలిపే గ్యాస్ట్రోపెక్సీ శస్త్రచికిత్సను పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే చేయించవచ్చు. ఆ తరువాత ఉబ్బరం రావచ్చు గానీ మెలిపడటం చాలా అరుదు.

వెంట్రుకలు పొట్టిగా ఉన్నంత మాత్రాన మన ఎండలను ఇది తట్టుకుంటుందని అనుకోకూడదు. వేసవిలో సూర్యోదయానికి ముందే నడిపించి, పగలు ఫ్యానో కూలరో ఉన్న గదిలో ఉంచాలి. గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి కనుక మందపాటి పరుపు అవసరం. పిడుదుల మందు ఏడాది పొడవునా వాడాలి. బెల్టు లాగకుండా నడవడం మూడో నెల నుంచే నేర్పాలి, ఎందుకంటే బరువెక్కిన తరువాత దాన్ని బలంతో ఆపడం ఎవరితరమూ కాదు.

దీని ఆయుష్షు సాధారణంగా 7 నుంచి 10 ఏళ్లు మాత్రమే. గుండె కండరం బలహీనపడే జబ్బు ఈ జాతిలో తరచుగా వస్తుంది గనుక ఏటా గుండె పరీక్ష చేయించాలి. పిల్లను ఎంచుకునేటప్పుడే తల్లిదండ్రుల గుండె, తుంటి కీళ్ల పరీక్షల కాగితాలు అడగాలి. తెలుపు మీద నల్లమచ్చలుండే హార్లెక్విన్ రంగుపై మోజుతో మెర్ల్ జన్యువు (ఒంటి రంగును అక్కడక్కడా పలచబరచి మచ్చలు తెచ్చే జన్యువు) ఉన్న రెండు కుక్కలను జత కలిపితే చెవుడు, గుడ్డితనంతో పిల్లలు పుట్టవచ్చు. అలాంటి జతలు కట్టే చోట, తల్లిని చూపించడానికి తటపటాయించే చోట పిల్లను కొనకండి.