పంట మార్పిడి ప్రణాళిక: చేనుతో కాదు, మండలంతో మొదలుపెట్టాలి

హైదరాబాద్ చుట్టూ ఉన్న వికారాబాద్, సంగారెడ్డి, రంగారెడ్డి జిల్లాల్లో పంట మార్పిడి అనగానే ఒక రైతు, ఆయన చేను మాత్రమే గుర్తుకొస్తాయి. కానీ పత్తి మాని కంది వేసిన రైతు చుట్టూ పత్తి చేలే ఉంటే, రెండింటినీ తినే శనగపచ్చ పురుగుకు గట్టు ఒక అడ్డే కాదు. అందుకే ప్రణాళికను ఊరితో, వీలైతే మండలంతో మొదలుపెట్టాలి.

వేసవిలోనే రైతు వేదికలో (రైతుల సమావేశాల కోసం కట్టిన భవనం) అందరూ కూర్చొని, ఒక్కో సర్వే నంబరులో గడిచిన ఐదేళ్లలో ఏ పంటలు వేశారో రిజిస్టరులో రాసుకోవాలి. అది చల్కా (ఎర్ర ఇసుక) నేలా, నల్లరేగడా అన్నది పక్కనే నమోదు చేయాలి. కౌలు రైతులను తప్పక పిలవాలి. భూమి వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి నేల సారం కోసం ఈ ఏటి ఆదాయాన్ని వదులుకోలేడు కనుక, యజమానితో కనీసం మూడేళ్ల ఒప్పందం కుదర్చడం కూడా ఈ ప్రణాళికలో భాగమే అని నా అభిప్రాయం.

తరువాత పంటల మధ్య ఉన్న తెగుళ్ల చుట్టరికాన్ని చూడాలి. అసలు పని ఇక్కడే ఉంది. కంది, శనగ, పత్తి, టమాటా నాలుగింటికీ శనగపచ్చ పురుగు ఉమ్మడి శత్రువు కాబట్టి, వీటిని ఒకదాని తరువాత ఒకటి వేస్తే పంట పేరు మారుతుందే తప్ప పురుగుకు మేత ఆగదు. కంది ఎండు తెగులు శిలీంధ్రం నేలలో కొన్నేళ్లపాటు బతికి ఉంటుంది. జొన్నతో మార్పిడి చేసినా, జొన్నలో కందిని అక్కడి సాళ్లుగా, అంటే మధ్యమధ్యలో అంతర పంట వరుసలుగా, వేసినా దాని ఉధృతి తగ్గుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే అధికారిక గుర్తింపు) పొందిన వికారాబాద్ జిల్లా తాండూరు కందిని వదులుకోమని అక్కడి రైతుకు చెప్పడం న్యాయం కాదు. జొన్నను దానికి తోడుగా నిలపమని చెప్పాలి. గులాబీరంగు పురుగు సంగతి వేరు. దానికి పత్తే ప్రధాన ఆహారం కనుక, ఊరంతా ఒకేసారి డిసెంబరు, జనవరి నాటికి పత్తి మోళ్లను తీసేస్తేనే ఫలితం ఉంటుంది.

వాన ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ జిల్లాలవారీగా తయారు చేసిన ప్రత్యామ్నాయ ప్రణాళికలు, రుతుపవనాలు రెండు, నాలుగు, ఆరు వారాలు వెనుకబడితే ఏ పంట వేయాలో విడివిడిగా చెబుతాయి. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తరువాతే మెట్ట విత్తనం వేయాలి. ఆలస్యానికి పనికొచ్చే జొన్న, ఆముదం విత్తనాలను మృగశిర రాకముందే ఊరిలో నిల్వ చేసుకోవాలి, ఎందుకంటే కరువు ఛాయలు కనబడిన తరువాత అవి దొరకడం కష్టం.

పంట కోతలు పూర్తయ్యాక, అనుకున్నదేమిటి, నిజంగా వేసినదేమిటి అన్నది అదే రిజిస్టరులో పక్కపక్కనే రాసి, వచ్చే వేసవి సమావేశాన్ని ఆ పేజీతోనే ప్రారంభించాలి.