ఆస్ట్రేలియాకు మొదటి ప్రయాణం: ముందు ఏం వదిలేయాలో తేల్చుకోండి

సిడ్నీ, మెల్‌బోర్న్, గ్రేట్ బ్యారియర్ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బలు), ఉలురు (ఎడారిలోని పెద్ద శిల), పెర్త్, వీలుంటే టాస్మానియా. మొదటిసారి ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు రెండు వారాలకు రాసుకునే జాబితా దాదాపు ఇలాగే ఉంటుంది. దీన్ని పట్టుకుని బయల్దేరితే ఊళ్లకన్నా ఎయిర్‌పోర్టులే ఎక్కువ చూస్తారు. దేశం వైశాల్యం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశానికి రెండింతలకు పైనే. సిడ్నీ నుంచి పెర్త్‌కు విమానంలోనే దాదాపు అయిదు గంటలు. సిడ్నీ నుంచి రీఫ్ దగ్గరి కెయిన్స్‌కు మూడు గంటలు, అదే రోడ్డు మీదైతే 2,400 కిలోమీటర్లు. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టు కనిపించే సిడ్నీ, మెల్‌బోర్న్‌ల మధ్య కూడా హ్యూమ్ హైవే మీద దాదాపు 880 కిలోమీటర్లు ఉంటుంది. మధ్యలో ఆగుతూ వెళ్తే పది గంటలు పడుతుంది.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. రెండు వారాలకు మూడు మకాములు, పది రోజులైతే రెండే. ఒక్కో మకాంలో కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే అనుకోండి. విమానం గంటన్నరదే కావచ్చు. కానీ హోటల్ గది ఉదయం పదింటికి ఖాళీ చేయాలి, కొత్త గది మధ్యాహ్నం రెండు తర్వాత గానీ ఇవ్వరు. మధ్యలో సామాన్లు, చెకిన్, ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ప్రయాణం. అన్నీ కలిస్తే చేతికి సాయంత్రమే మిగులుతుంది. నాలుగో మకాం చేర్చాలని మనసు లాగితే, దాని కోసం ఉన్న మూడింటిలో ఏది వదిలేస్తారో ముందు చెప్పుకోండి. వదిలేయడానికి ఏదీ దొరకకపోతే ఆ నాలుగోది రెండో ప్రయాణానికి ఉంచండి.

ఎప్పుడు వెళ్లాలి

ఋతువులు తలకిందులని అందరికీ తెలుసు: డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వేసవి, జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం. అయితే ఇది దక్షిణాదికి సరిపోయే లెక్క. ఉత్తరాన డార్విన్, కకాడు నేషనల్ పార్కు, కెయిన్స్ వైపు ఉండేవి రెండే కాలాలు, వానాకాలం, పొడికాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు. కకాడులో ఆ నెలల్లో చాలా రోడ్లు నీళ్లకింద ఉంటాయి. కెయిన్స్ సముద్రంలో సుమారు నవంబర్ నుంచి మే వరకు విషపు జెల్లీఫిష్‌లు తిరుగుతాయి. వాటిని అక్కడ స్టింగర్లు అంటారు. నీళ్లలో దిగాలంటే ఒళ్లంతా కప్పే స్టింగర్ సూట్ వేసుకోవాలి. నడి ఎడారిలోని ఉలురు దగ్గర వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి, జూన్-జులై రాత్రుళ్లు సున్నా దగ్గరికి దిగుతాయి.

అంటే దేశమంతా ఒకేసారి బాగుండే నెల లేదు. దక్షిణం, ఉత్తరం రెండూ కలిపి చూడాలంటే ఏప్రిల్ చివరి నుంచి మే, లేదా సెప్టెంబర్-అక్టోబర్ ఎంచుకోండి. మెల్‌బోర్న్, టాస్మానియా మాత్రమే అయితే నవంబర్ నుంచి మార్చి వరకు బాగుంటుంది. డిసెంబర్ చివరి నుంచి జనవరి ఆఖరి దాకా, ఈస్టర్ వారంలోనూ అక్కడి బడులకు సెలవులు. తీరప్రాంతపు గదులు నెలల ముందే అయిపోతాయి, మిగిలినవి రెట్టింపు ధర పలుకుతాయి. సెలవులకు వేరే దారి లేనివాళ్లు తప్ప ఆ వారాలు ఎంచుకోకపోవడమే మంచిది.

వీసా, ఆ తర్వాతే టికెట్లు

పర్యాటకులకు వీసా తప్పనిసరి. కొన్ని దేశాల పాస్‌పోర్టులకు సులువైన ఎలక్ట్రానిక్ అనుమతులున్నాయి. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు కావాల్సింది సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసా. ఇమ్మిఅకౌంట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, ఫారం నింపి, పత్రాలు స్కాన్ చేసి ఎక్కించాలి. అధికారి చూసేది ముఖ్యంగా రెండు: ఖర్చు భరించగలరా, తిరిగి వెళ్లిపోతారా. మొదటిదానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు. గత వారం హఠాత్తుగా జమైన పెద్ద మొత్తం కన్నా నెలల తరబడి నిలకడగా ఉన్న ఖాతాకే విలువ ఎక్కువ. పెద్ద జమ ఉంటే ఎక్కడిదో ఒక్క పేజీలో వివరణ రాసి జతచేయండి. రెండోదానికి సెలవు మంజూరైన ఉత్తరం, ఆస్తి లేదా చదువు పత్రాలు, కుటుంబ వివరాలు. అక్కడి బంధువుల ఇంట్లో దిగేవాళ్లు వాళ్ల ఆహ్వాన లేఖ, వాళ్ల వీసా హోదా కాగితం కూడా పెట్టాలి. ఇంగ్లీషులో లేని ప్రతి పత్రానికీ అనువాదం జతచేయాలి.

వీసా పాస్‌పోర్టులో అంటించరు, ఎలక్ట్రానిక్‌గా పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటుంది. మధ్యలో పాస్‌పోర్టు మారితే కొత్త నంబరు తప్పకుండా నమోదు చేయించాలి. లేకపోతే విమానం ఎక్కేచోటే ఆపేస్తారు. వీసా వచ్చాక మంజూరు లేఖలోని షరతులు చదవండి. 8503 అనే నంబరు కనిపిస్తే, అక్కడ ఉండగా గడువు పొడిగించుకునే వీలు దాదాపు లేనట్టే. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ కొనొద్దు.

అంతర్జాతీయ టికెట్‌ను ఒకే ఊరికి రానూపోనూ కొనకుండా మల్టీ సిటీ పద్ధతిలో వెతకండి. మెల్‌బోర్న్‌లో దిగి బ్రిస్బేన్ నుంచి తిరుగు విమానం ఎక్కితే, మొదటి ఊరికి మళ్లీ రావడానికయ్యే విమానం ఖర్చు, ఒక రోజు రెండూ మిగులుతాయి.

ఒకే టికెట్ మీద సిడ్నీ మీదుగా కెయిన్స్ వెళ్తున్నా, ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్ తనిఖీ అన్నీ మొదట దిగిన సిడ్నీలోనే అవుతాయి. పైగా సిడ్నీలో అంతర్జాతీయ టెర్మినల్ ఒకచోట, దేశీయ టెర్మినళ్లు రన్‌వే అవతల ఉంటాయి. బస్సో రైలో పట్టుకుని వెళ్లాలి. విడి టికెట్లయితే మధ్యలో నాలుగు గంటలకు తగ్గకుండా చూసుకోండి. దేశీయ విమానాల్లో జెట్‌స్టార్ లాంటి చౌక సంస్థలు చేతి సామాను 7 కిలోలు దాటితే గేటు దగ్గర తూచి మరీ వసూలు చేస్తాయి. పెట్టె బరువుకు ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టడం చాలా చౌక.

గడియారాలు

చలికాలంలో దేశంలో మూడు సమయాలుంటాయి. వేసవిలో అవి అయిదవుతాయి. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, హోబార్ట్ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. బ్రిస్బేన్, డార్విన్, పెర్త్ జరపవు. గోల్డ్‌కోస్ట్ ఎయిర్‌పోర్టు సరిగ్గా రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. వేసవిలో దక్షిణం వైపు న్యూ సౌత్ వేల్స్‌లో బస చేసి, బ్రిస్బేన్ సమయం పాటించే ఆ ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు ఫోన్‌లో టైము ఎటు మారిందో తెలియక చాలామంది తికమకపడతారు. టికెట్ మీద రాసేది ఎప్పుడూ ఆ ఎయిర్‌పోర్టు స్థానిక సమయమే.

కారు తీసుకోవాలా

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో వద్దు. పార్కింగ్ ఖరీదెక్కువ. టోల్ రోడ్ల మీద డబ్బు కట్టే గేట్లు ఉండవు, కెమెరా నంబరు పట్టుకుంటుంది, బిల్లు అద్దె సంస్థ రుసుముతో కలిపి తర్వాత వస్తుంది. సిడ్నీలో మీ బ్యాంకు కార్డునే రైళ్లు, బస్సులు, ఫెర్రీల దగ్గర తాకిస్తే సరిపోతుంది. మెల్‌బోర్న్ నడిబొడ్డున ట్రామ్‌లు ఉచితం.

ఊరు దాటితే కారు ఉండాల్సిందే. బండ్లు ఎడమవైపే నడుస్తాయి. ఇంగ్లీషులో ఉన్న లైసెన్సు పర్యాటకులకు చెల్లుతుంది, కార్డు మాత్రం ఒంటిమీద ఉండాలి. అద్దె ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి: ప్రమాదం జరిగితే మీ జేబులోంచి కట్టాల్సిన ఎక్సెస్ ఎంత, మట్టిరోడ్డు మీద బీమా వర్తిస్తుందా, రోజుకు కిలోమీటర్ల పరిమితి ఉందా. మామూలు కార్లకు మట్టిరోడ్డు మీద బీమా సాధారణంగా ఉండదు. డార్విన్, ఉలురు ఉన్న నార్తర్న్ టెరిటరీలో తీసుకున్న కార్లకు కిలోమీటర్ల పరిమితి తరచుగా ఉంటుంది, చీకటి పడ్డాక ఊరి బయట నడపకూడదనే నిబంధన కూడా కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. కంగారూలు మేతకు బయటికొచ్చేది సాయంకాలం, తెల్లవారుజామున. లైటు పడితే బెదిరి ఎటు దూకుతాయో చెప్పలేం. జంతువు అడ్డొస్తే స్టీరింగ్ పక్కకు కోయకుండా నేరుగా బ్రేకు నొక్కండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో పక్కకు కోసిన కార్లే బోల్తా పడేది.

ఎడారి దారుల్లో పెట్రోలు బంకుల మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉండొచ్చు. సగం ట్యాంకు ఉన్నా సరే, కనిపించిన ప్రతి బంకులో నింపుకోండి. మనిషికి రోజుకు అయిదు లీటర్ల చొప్పున నీళ్లు బండిలో ఉండాలి. రోడ్ ట్రెయిన్ అనే లారీలు 50 మీటర్లు దాటి ఉంటాయి. వాటిని దాటేయడానికి ఎదురుగా కనీసం కిలోమీటరు దారి ఖాళీగా కనబడాలి. మొబైల్ సిగ్నల్ ఊళ్లలో బాగుంటుంది, ఊళ్ల మధ్య చాలా దూరం ఉండదు. బయటి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు టెల్‌స్ట్రా సిమ్ తీసుకుని, మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. అత్యవసర నంబరు 000.

సముద్ర తీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మెల్‌బోర్న్ నుంచి ఒక్కరోజులో చుట్టేద్దామని అందరూ అనుకుంటారు. టార్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్ల దారి అది, అంతా మలుపులు. ట్వెల్వ్ అపాసిల్స్ అనే సముద్రపు రాతి స్తంభాలు చేరేసరికి తీరం వెంట ఆపకుండా వెళ్లినా దాదాపు అయిదు గంటలు. చలికాలంలో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. ఒక రాత్రి అపోలో బేలో ఆగండి. మెల్‌బోర్న్ నుంచి పడమటికి వెళ్తేనే సముద్రం మీ పక్క ఉంటుంది, వ్యూ పాయింట్లలోకి రోడ్డు దాటకుండా తిరగొచ్చు. రెండోరోజు పొద్దున్నే అపాసిల్స్, లాక్ ఆర్డ్ గార్జ్ చూసుకుని, కోలాక్ మీదుగా లోపలి హైవేలో మూడు గంటల్లో మెల్‌బోర్న్ వచ్చేయొచ్చు.

ఉలురు, రీఫ్

ఉలురుకు ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరు పక్కనే అనుకుని అక్కడికి టికెట్ కొంటారు. రెండింటి మధ్య 450 కిలోమీటర్లు, కారులో అయిదు గంటలు. మీరు దిగాల్సింది ఏయర్స్ రాక్ ఎయిర్‌పోర్టులో. గదులు యులారా ఊళ్లోనే దొరుకుతాయి, అక్కడి నుంచి శిల 20 కిలోమీటర్లు, కాటా జూటా అనే రాతి గుట్టలు 50 కిలోమీటర్లు. పెద్దలకు పార్కు పాసు 38 ఆస్ట్రేలియా డాలర్లు, మూడు రోజులు చెల్లుతుంది. అందుకే ఇక్కడ మూడు రాత్రులు కుదరకపోయినా రెండు రాత్రులన్నా ఉండండి. శిల పైకెక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా నిషేధం. అది అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్ర స్థలం; కొన్ని వైపుల ఫొటోలు తీయొద్దని రాసి ఉంటుంది, పాటించండి. శిల చుట్టూ నడక 10 కిలోమీటర్ల పైచిలుకు, మూడున్నర గంటలు. సూర్యోదయానికే మొదలుపెట్టి, ఎండాకాలంలో పదకొండులోపు ముగించాలి. గంటకు లీటరు నీళ్లు తాగాలి. ముఖం మీద ముసిరే ఈగలకు వలటోపీ కొనుక్కోవడం తెలివైన ఖర్చు.

రీఫ్ పడవలు కెయిన్స్ నుంచి, పోర్ట్ డగ్లస్ నుంచి బయల్దేరతాయి. బయటి రీఫ్‌కు దాదాపు గంటన్నర. రీఫ్ రోజును కెయిన్స్ చేరిన మర్నాడే పెట్టుకోండి. గాలి ఎక్కువై పడవ రద్దయితే తర్వాతి రోజుకు మార్చుకోవచ్చు. స్కూబా చేసినవాళ్లు 24 గంటలు విమానం ఎక్కకపోవడం క్షేమం, రక్తంలో కరిగిన నత్రజని పైకెళ్లాక బుడగలు కడుతుంది. వాంతులయ్యేవాళ్లు మాత్ర పడవ ఎక్కాక కాకుండా, అరగంట ముందే వేసుకోవాలి. ఉత్తరాది నదులు, మడుగుల్లో మొసళ్లుంటాయి. బోర్డు లేనంత మాత్రాన దిగొచ్చని కాదు. దక్షిణాది బీచిల్లో ఎరుపు-పసుపు జెండాల మధ్యనే ఈదండి. లైఫ్‌గార్డులు చూసేది ఆ మేరకే, సముద్రంలోకి లాగే రిప్ ప్రవాహాలు జెండాల బయటే ప్రాణాలు తీస్తున్నాయి.

దిగేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు

లోనికి వచ్చేటప్పుడు ఇచ్చే ప్యాసింజర్ కార్డులో తిండి వస్తువులు, గింజలు, చెక్క సామాను, మట్టి అంటిన బూట్లు ఏవున్నా అవునని టిక్ చేయండి. చెప్పి చూపిస్తే వాళ్లు పరిశీలించి, కుదరకపోతే తీసేసుకుంటారు, అంతే. దాచితే అక్కడికక్కడే వేల డాలర్ల జరిమానా, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. పచ్చి ఆకులు, పళ్లు, విత్తనాలు, మాంసం పెట్టెలో పెట్టనే వద్దు. మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లండి. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి కూడా పళ్ల మీద నిషేధాలున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులు దాటేముందు బండిలోని పళ్లు తినేయాలి, లేదా రోడ్డు పక్క డబ్బాలో వేయాలి. ఫ్రూట్ ఫ్లై అనే పురుగు తోటల్లోకి పాకకుండా ఆ కట్టడి.

తిరుగు ప్రయాణంలో, ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లు లేదా అంతకు మించి కొన్న వస్తువుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి వస్తుంది. ధరలో అది పదకొండో వంతు. కొని 60 రోజులు దాటకూడదు, ట్యాక్స్ ఇన్వాయిస్ ఉండాలి. బిల్లు వెయ్యి డాలర్లు లేదా అంతకు పైన అయితే దాని మీద మీ పేరు తప్పనిసరి, కొట్లోనే అడిగి రాయించుకోండి. ఇమిగ్రేషన్ దాటాక ఈ డబ్బు వెనక్కిచ్చే టీఆర్‌ఎస్ (టూరిస్ట్ రిఫండ్ స్కీమ్) కౌంటర్ ఉంటుంది, వస్తువు చేతి సామానులో ఉంచి చూపించాలి. చేతి సామానులో పట్టనివైతే చెకిన్‌కు ముందే బోర్డర్ ఫోర్స్ వాళ్లకు చూపించి ఇన్వాయిస్ మీద ముద్ర వేయించుకోండి. విమానం బయల్దేరే సమయానికి 30 నిమిషాల ముందు కౌంటర్‌లో తీసుకోవడం ఆపేస్తారు, క్యూ మాత్రం పొడుగ్గా ఉంటుంది, కనుక ఎయిర్‌పోర్టుకు మామూలుకన్నా గంట ముందు చేరండి.